లైటు కొమురమ్మ ఫొటో

పెద్దవంగర చుట్టుపక్కల ఎవరింట్లో మనిషి పోయినా, దహనం అయిన మర్నాడు ఆ ఇంటి నుంచి ఒకరు పోశాలు దుకాణానికి వస్తారు. చేతిలో ఆధార్ కార్డో, పెళ్లి గుంపులో వెనక వరుసన నిలబడిన ఫొటోనో ఉంటుంది. పోశాలు ఆ ముఖాన్ని అందులోంచి కత్తిరించి తీస్తాడు. వెనక నీలిరంగు పరుస్తాడు. మగవాళ్లకు తెల్లచొక్కా, భుజం మీద కండువా. ఆడవాళ్లకు తన లాప్‌టాప్‌లో దాచుకున్న పట్టుచీరల్లోంచి ఒకటి. బతికినన్నాళ్లూ పుస్తెలతాడు తప్ప వేరే బంగారం ఎరగని ఎంతోమంది పోశాలు చేతిలో కాసులపేరు వేసుకున్నారు. పదకొండో రోజు పెద్దకర్మ నాటికి ఫొటో సిద్ధమవుతుంది, దానికి దండ పడుతుంది.

ఈ పనిలో పోశాలు పాటించే నియమం ఒక్కటే. కళ్లు తెరిచి ఉండాలి.

“కండ్లు మూసిన ఫొటోకు దండ ఎయ్యొద్దు. ఎదురుంగ నిలబడి మొక్కెటోళ్లను సూడాలె గదా,” అనేవాడు.

ఇది ఏ శాస్త్రంలో ఉందో ఆయనకు తెలియదు. పని నేర్పిన మానుకోట స్టూడియో యజమాని అనేవాడు, పోశాలు పట్టుకున్నాడు. పోశాలును చూసి ఊళ్లన్నీ పట్టుకున్నాయి.

ఒకసారి మరిపెడ వైపు తండా నుంచి మోతీబాయి అనే ఆమె వచ్చింది. భర్త రాంజీ పోయాడు. ఉన్న ఒక్క ఫొటో మరిది ఫోన్‌లో ఉంది, అందులో రాంజీ రెప్ప వాల్చాడు. పోశాలు మరిది ఫొటో కూడా తీసుకుని, ఆ కళ్లు తెచ్చి రాంజీకి అమర్చాడు. అతుకు ఎక్కడా కనిపించలేదు. మోతీబాయి ఫ్రేము చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

“నా మొగడు గిట్ల సూడడన్నా. గిది మా మరిది సూపు.”

“పది రోజులు సూస్తె అలవాటైతది తియ్యి చెల్లె,” అన్నాడు పోశాలు.

మూలన కూర్చుని వైర్లు చుడుతున్న ఆయన భార్య కొమురమ్మ తల ఎత్తింది. “ఎట్ల అలవాటైతదయ్యా? రేపు నాకు ఎవలి కండ్లు పెడ్తవ్?”

“నీకా? మా అక్కయి పెడ్త. అప్పుడన్న నా దిక్కు జర నెమ్మదిగ సూస్తవ్.”

“మీ అక్కయా! గంతకన్న గుడ్డిగుండుడు నయం.”

మోతీబాయి ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వింది.

కొమురమ్మను ఊళ్లో లైటు కొమురమ్మ అనేవాళ్లు. పోశాలు పెళ్లి వీడియోలు తీయడం మొదలుపెట్టిన కొత్తలో లైటు పట్టుకోవడానికి కూలికి మనుషులను పెట్టుకునేవాడు. వాళ్లు పెళ్లివారితో కలిసి తాగేవాళ్లు. ఒక పెళ్లిలో సరిగ్గా తలంబ్రాల వేళ వెలుతురు పెళ్లికూతురి మీద కాకుండా కోడికూర గిన్నెల మీద పడింది. ఆ మర్నాటి నుంచి కొమురమ్మే లైటు పట్టుకుంది. హాలోజన్ లైటు అది. దగ్గర నిలబడితే పొయ్యి ముందు కూర్చున్నట్టే. దాన్ని తలకంటే ఎత్తున పట్టుకుని, చీర కొంగు నడుముకు బిగించి, కొత్తగూడ అడవి పల్లెల నుంచి భూపాలపల్లి కార్మికుల క్వార్టర్ల దాకా పోశాలు వెంట తిరిగింది. సిగ్గుతో తల దించుకున్న పెళ్లికూతుళ్లకు ఆమే చెప్పేది. “తల జర ఎత్తు బిడ్డా. కండ్లు తెరువు. ఏడ్సుడు అప్పగింతలప్పుడు ఏడుద్దువు.”

లైటు పట్టుకున్న మనిషి వీడియోలో పడకూడదు. ఆమె నీడ కూడా పడకూడదు. పడితే పెళ్లివారు ఊరుకోరు. “మా పెండ్లిల గామె ఎవలు?” అని అడుగుతారు. అందుకని కొమురమ్మ కొంగు అంచు కనబడినా పోశాలు రికార్డింగ్ ఆపేసేవాడు. ఎక్కడైనా మిగిలితే ఇంటికొచ్చాక కత్తిరించేవాడు. కొన్నేళ్లకు ఆయన వేలికి ఆ పని ఎంత అలవాటైందంటే, ఆపినట్టు ఆయనకే తెలిసేది కాదు.

అంతకాలం ఆ వెలుతురు పక్కన నిలబడ్డాక కొమురమ్మ కళ్లు పాడయ్యాయి. ఎప్పుడూ నీరు కారేవి. ఎవరైనా ఎదురుగా ఫోన్ ఎత్తితే చాలు, రెప్పలు వాటంతటవే మూసుకుపోయేవి. చెయ్యి అడ్డం వచ్చేది. ఆధార్ కేంద్రంలో కూడా మళ్లీ మళ్లీ తీసి చూశారు. చివరికి విసుగొచ్చి, కళ్లు మూసుకున్న ఫొటోనే ఉంచేశారు. వాళ్ల పెళ్లి ఆల్బమ్ ఏనాడో చెదల పాలైంది.

ఫోన్లు వచ్చాక పెళ్లి వీడియోలు తగ్గి, పోశాలుకు పోయినవాళ్ల ఫొటోలే మిగిలాయి. పాత క్యాసెట్లన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. ఆ లాప్‌టాప్ కూడా ముసలిదైంది. మీట నొక్కి, తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతుంటే చూస్తూ కూర్చోవాలి.

“నీ పెట్టె తెరుచుకునే లోపు నేను బువ్వొండి, నువ్వు తిని, చెయ్యి గూడ కడుక్కోవచ్చు,” అనేది కొమురమ్మ.

వాళ్ల ఒక్కగానొక్క కొడుకు అజయ్ భూపాలపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో కాంట్రాక్టు కింద టిప్పర్ నడుపుతాడు. వచ్చినప్పుడల్లా పోరేవాడు. “బాపూ, దాంట్ల ర్యామ్ ఎక్కువ ఏపియ్యి. ఉరుకుతది.”

“నడుస్తుంది గదరా. నాకేం రైలుకు టైమైతుందా?” అనేవాడు పోశాలు.

కొమురమ్మకు కడుపులో గడ్డ అని వరంగల్ దవాఖానలో చెప్పినప్పుడు ఎండాకాలం. వానలు పడి పత్తి మొలకలు కనబడే నాటికి ఆమె లేదు. అజయ్ తలకొరివి పెట్టాడు. కాష్టం దగ్గర నుంచి తిరిగి వస్తుంటే కొమురమ్మ తమ్ముడు కిష్టయ్య పోశాలు చెయ్యి పట్టుకున్నాడు.

“బావా, మా అక్క ఫొటో మంచిగ రావాలె. ఊరందరికి జేసినవ్.”

పోశాలు తల ఊపాడు.

మర్నాడే వెతకడం మొదలుపెట్టాడు. అజయ్ ఫోన్‌లో ఉన్నవన్నీ చూశాడు. దవాఖాన మంచం మీద జుట్టు ఊడిన తల, ముక్కులో గొట్టం. అంతకు ముందువాటిలో మూసిన కళ్లు, అడ్డం పెట్టిన చెయ్యి. తర్వాత పెళ్లి వీడియోలు చూడబోయాడు. వాటిలో ఆమె ఎందుకుంటుంది? కత్తిరించింది తనే. మాటలన్నీ తీసేసి సినిమా పాటలు కలిపింది కూడా తనే. ఆమె గొంతు కూడా లేదు.

అప్పుడు గుర్తొచ్చింది భూపాలపల్లి పెళ్లి. అజయ్ చిన్నప్పటిది. పచ్చతోరణాలు ఎండకముందే మొగుడూ పెళ్లాలు విడిపోయారు. వీడియో అడగడానికి రెండువైపుల నుంచీ ఎవరూ రాలేదు. అందుకే పోశాలు దాన్ని కత్తిరించలేదు. తీసింది తీసినట్టే లాప్‌టాప్‌లో పడి ఉంది. ఆ పెళ్లి చివర్లో, అందరూ వరుసగా నిలబడినప్పుడు, పెళ్లికూతురి తల్లి కొమురమ్మ చెయ్యి పట్టి లాగింది. లైటు ఇంకెవరికో ఇచ్చి కొమురమ్మ పెళ్లికూతురి పక్కన నిలబడింది. ఆకుపచ్చ చీర. అప్పటికి కళ్లు బాగానే ఉండేవి. కెమెరా వైపు చూసి నవ్వింది. పోశాలుకు అది కళ్లకు కట్టినట్టుంది.

“దొరికింది బిడ్డా,” అన్నాడు అజయ్‌తో. “మీ అవ్వ నవ్వుకుంట ఉన్నది.”

కాని ఆ ఫైలు చాలా పెద్దది. తెరవబోతే లాప్‌టాప్ బిగుసుకుపోయింది. తెర తెల్లగా మారింది. లోపలి ఫ్యాన్ రొద పెట్టింది. పోశాలు రెండు రోజులు పొద్దంతా దాని ముందే కూర్చున్నాడు. మూసి, మళ్లీ తెరిచాడు. మళ్లీ అదే తెలుపు. ఆ తెలుపు వెనక కొమురమ్మ నిలబడి ఉందని ఆయనకు తెలుసు. కొంచెం ఓపిక పడితే చాలు. ఆ రెండు రోజులు ఆయన కాస్త అన్నం కూడా తిన్నాడు.

పెద్దకర్మ దగ్గరపడింది. చివరికి అజయే అన్నాడు. “జనగామల డేవిడ్ అన్న ఉన్నడు బాపూ. ర్యామ్ ఆయన ఏస్తడు. కొరివి పెట్టినోన్ని, నేను ఊరు దాటొద్దంటున్నరు. నువ్వు పోయిరా.”

పోశాలు లాప్‌టాప్‌ను కొమురమ్మ పాత చీరలో చుట్టి, తొర్రూరు పోయి అక్కడ జనగామ బస్సెక్కాడు.

డేవిడ్ దుకాణం ముందుకు వెళ్లి గడప బయటే ఆగాడు. అక్కడి నుంచే చెయ్యి చాచి లాప్‌టాప్ ఇచ్చాడు.

“లోపటికి రా కాకా. ఎండల నిలబడ్డవేంది?”

“మైలల ఉన్న బిడ్డా. నీ గడప తొక్కొద్దు.”

“మాకు గవేం లేవు కాకా. రా, కుర్సీల కూసో.”

“నాకున్నయి,” అన్నాడు పోశాలు. కదల్లేదు.

డేవిడ్ ఇంక బలవంతం చేయలేదు. గడప దగ్గరికే బల్ల జరిపి, లాప్‌టాప్‌ను బోర్లా తిప్పి మరలు విప్పాడు. “గిది లాప్‌టాప్ కాదు కాకా, ముసలెద్దు. దీనితోని ఇంకా దున్నుతున్నవా?”

“ఎందుకు ఆగుతది బిడ్డా గిది?”

“నువ్వు ఫొటోలు కట్ జేసే బల్ల పీటంత ఉన్నదనుకో. ఎంత పని వడ్తది? ఒకటి పర్సాల్నంటె ఇంకోటి తీసి సందుగుల పెట్టాలె. మల్ల అది కావాల్నంటె సందుగుల్నుంచి తియ్యాలె. దీని పొద్దంతా ఆ తీసుడు పెట్టుడుకే పోతుంది. పెద్ద బల్ల ఏస్తే అన్నీ ఒక్కపారే పర్సుకోవచ్చు. ర్యామ్ అంటె ఆ బల్లే.” పాత ముక్కకు రెండు పక్కలా ఉన్న పిన్నులు నొక్కగానే అది పైకి లేచింది. డేవిడ్ దాన్ని పోశాలు అరచేతిలో పెట్టాడు. సబ్బుబిళ్లను సన్నగా కోసినట్టు ఉంది.

“గింతనా?”

“గంతే. అన్నీ పట్టవు మల్ల. కొత్తవాటికి గాటు వేరే తావుల ఉంటది. నీ దానికి సరిపోయేటియి నా తాన ఉన్నయి.”

రెండు కొత్త ముక్కలు ఏటవాలుగా గుచ్చి, టక్కుమనేదాకా నొక్కి, మీట వేశాడు. తెర నల్లగానే ఉంది. లోపల ఏదో పిట్ట అరిచినట్టు కుయ్యి కుయ్యిమంది. పోశాలు తనకు తెలియకుండానే గడప మీద కాలు పెట్టి, వెంటనే తీసేసుకున్నాడు.

“పోయిందా బిడ్డా? లోపట ఉన్నయన్ని పోయినయా?”

“ఏం పోలే కాకా, పరేషాన్ గాకు. దీని మీద మురికున్నది.” డేవిడ్ పిల్లలు వాడే రబ్బరు తీసుకుని, ముక్క అంచున ఉన్న బంగారు రంగు గీతలను రుద్దాడు. ఊది, మళ్లీ గుచ్చాడు. ఈసారి అరుపు లేదు. పోశాలు మెడ సాచి చూసేలోపే తెర తెరుచుకుంది. పక్కపక్కన బొమ్మలన్నీ వచ్చి కూర్చున్నాయి.

“అంతేనా?”

“అంతే. గింత దానికి ఇన్నేండ్లు కాపలా కాసినవ్.”

పోశాలు ఆ తెర వైపే చూస్తూ ఉండిపోయాడు. బువ్వొండే లోపు తెరుచుకోదన్న మనిషి ఇది చూడలేదు.

“అజయ్ ఫోన్‌ల చెప్పిండు. చిన్నమ్మ వీడియో ఏదో ఉన్నదట గదా,” అన్నాడు డేవిడ్. “గీడనే తెరిచి సూద్దామా?”

“వద్దు బిడ్డా. నా పెండ్లాన్ని నడిబజార్ల నిలబెట్టి ఎత్కాల్నా?”

తిరుగు బస్సులో లాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దారిపొడవునా ఫొటో ఎలా చేయాలో ఆలోచించాడు. చీర మార్చకూడదనుకున్నాడు. ఆ ఆకుపచ్చదే ఉండాలి. కాసులపేరు వద్దు. వెనక నీలిరంగు కూడా వద్దు. నవ్వును మాత్రం ముట్టుకోకూడదు.

ఇంటికి రాగానే అజయ్‌ను పిలిచి, దుకాణం షట్టరు సగం దించి, ఫైలు తెరిచాడు. వేలు తీసేలోపు వచ్చేసింది. పందిరి, బాజా, పెళ్లికూతురి తల వెనక పూల జడ. వెంటనే పక్క నుంచి ఒక గొంతు. “తల జర ఎత్తు బిడ్డా.”

అజయ్ బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

ఆ గొంతు వీడియో అంతటా ఉంది. పెళ్లికొడుకును ఆటపట్టించింది. వైరు తొక్కిన వాణ్ని తిట్టింది. మంచినీళ్లు అడిగింది. మనిషి మాత్రం ఎక్కడా లేదు, ఉండదని పోశాలుకు తెలుసు. చివరికి జరిపాడు. అందరూ వరుసగా నిలబడుతున్నారు. పెళ్లికూతురి తల్లి ఆయనకు గుర్తున్నట్టే కెమెరా పక్కకు చూసి చెయ్యి చాచింది.

“అందర్ని దింపిచ్చినవ్, నువ్వు దిగవా అక్కా? రా.”

వెలుతురు ఊగింది. గోడ మీది నీడలన్నీ ఒక పక్కకు ఒరిగాయి. లైటు ఇంకొకరి చేతికి మారింది. తెర కుడి అంచు నుంచి ఆకుపచ్చ కొంగు వచ్చింది. తర్వాత మోచెయ్యి, గాజులు.

అప్పుడు బాగా దగ్గర నుంచి, అన్ని శబ్దాల కంటే గట్టిగా పోశాలు గొంతు వినిపించింది.

“ఓ కొమురీ, పక్కకు జరుగు. ఫ్రేంల పడ్తున్నవ్.”

మోచెయ్యి ఆగింది. అక్కడితో అయిపోయింది. తర్వాతి దృశ్యంలో పెళ్లికూతురు కారెక్కుతోంది.

పోశాలు వెనక్కి జరిపి మళ్లీ చూశాడు. కొంగు, మోచెయ్యి, గాజులు, పక్కకు జరుగు. మళ్లీ జరిపాడు. ఇదివరకైతే ఒక్కసారి వెనక్కి జరపడానికి లేచి బీడీ తాగి రావాల్సి వచ్చేది. ఇప్పుడు వేలు పెట్టడమే ఆలస్యం, ఆ మాట వెంటనే వస్తోంది.

“బంద్ చెయ్ బాపూ,” అన్నాడు అజయ్.

“నిలబడ్డదిరా. పెండ్లిపిల్ల పక్కన నిలబడ్డది. నవ్వింది గూడ. నేను సూసిన.”

“సూసినవ్ బాపూ. రికార్డు జెయ్యలే.”

పెద్దకర్మకు ముందురోజు అజయ్ తన ఫోన్ తెచ్చి చూపించాడు. అందులో ఏదో యాప్ ఉంది. ఆధార్ ఫొటో ఇస్తే అదే కళ్లు తెరిపించింది. కొమురమ్మ ముఖంలో పెద్ద పెద్ద కళ్లు, తడి లేకుండా మెరుస్తున్నాయి.

“గివి ఎవలి కండ్లురా?”

“ఎవలియి గావు బాపూ. అదే తయారుజేస్తది.”

“ఎవలియి గాని కండ్లు మీ అవ్వకు పెడ్తమా?”

అజయ్ ఫోన్ జేబులో వేసుకున్నాడు. పోశాలు లాప్‌టాప్‌లో తన అక్క ఫొటో తెరిచాడు. కళ్ల దాకా పెద్దది చేశాడు. మూలన వైర్లు చుట్టే చోటు వైపు ఒకసారి చూసి, ఫొటో మూసేశాడు.

పదకొండో రోజు కుర్చీలో పెట్టిన ఫొటో చూసి చుట్టాలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. భూపాలపల్లిలో అజయ్ గది ముందు తీసినది. ముఖం మీద ఎండ పడుతోంది. చెయ్యి సగం లేచింది. కళ్లు మూసి ఉన్నాయి. ఒంటి మీద మాసిన చీర, వెనక తీగ మీద ఆరేసిన బట్టలు. పోశాలు దేన్నీ ముట్టుకోలేదు.

కిష్టయ్య దండ పట్టుకుని ఆగిపోయాడు. “ఏంది బావా గిది? కండ్లు మూసిన ఫొటోకు దండెయ్యొద్దని ఊరందరికి చెప్పినోనివి నువ్వే. మా అక్కకు వచ్చేసరికి నీకు చేతులు రాలేదా?”

“ఎదురుంగ ఎల్తురున్నది కిష్టయ్యా. అందుకే మూసింది.”

“నీ ఎల్తురు మన్నువడ. బతికున్నప్పుడు గదే సూపిచ్చినవ్, సచ్చినంక గూడ గదేనా?”

కిష్టయ్య దండను కుర్చీ చేతి మీద పడేసి బయటికి వెళ్లిపోయాడు. అన్నం కూడా తినలేదు. కాసేపటికి అజయ్ లేచి తల్లికి దండ వేశాడు.

అజయ్ తిరిగి భూపాలపల్లికి వెళ్లాడు. పోశాలు దుకాణం తెరిచాడు. చనిపోయినవాళ్ల ఇళ్ల నుంచి మనుషులు వస్తూనే ఉన్నారు. లాప్‌టాప్ ఎవరినీ కూర్చోబెట్టడం లేదు. కళ్లు తెరవాలన్న మాట మాత్రం పోశాలు ఇప్పుడు ఎవరికీ చెప్పడం లేదు. వాళ్లే అడిగితే చేస్తున్నాడు.

దసరా తర్వాత ఒక మధ్యాహ్నం మోతీబాయి వచ్చింది. రాంజీ ఫ్రేమును తువ్వాలలో చుట్టి తెచ్చింది. గోడకున్న కొమురమ్మ ఫొటో ముందు కాసేపు నిలబడి, ఫ్రేము బల్ల మీద పెట్టింది.

“అన్నా, అలవాటైతదంటివి. కాలే. ఇంట్ల నడుస్తాంటె మా మరిదే సూస్తున్నట్టుంటది. మా ఆయనకు ఆయన కండ్లే పెట్టియ్యి. మూసుకున్నా మంచిదే. వదినెకు పెట్టినట్టే.”

“పాత ఫొటో నీ తాన లేదా చెల్లె?”

“మరిది ఫోన్‌ల ఉండె. ఆ ఫోన్ పోయింది. నీ పెట్టెల ఉంటది గదా. సూడన్నా.”

పోశాలు రాంజీ పేరు కొట్టాడు. ఫైలు వెంటనే వచ్చింది. ఒక్కటే ఉంది, మరిది కళ్లున్నది. వచ్చిన ఫొటో మీదే పని చేసి, దాని మీదే భద్రం చేయడం ఆయన పద్ధతి. చోటు కలిసొస్తుందని. మూసిన కళ్లను ఏనాడూ దాచలేదు. రాంజీవే కాదు, ఎవరివీ దాచలేదు.

మోతీబాయి తెర కనబడని వైపు స్టూలు మీద కూర్చుని ఆయన ముఖంలోకి చూస్తోంది.

“ఉన్నదా అన్నా?”

పోశాలు తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

“జరసేపు పడ్తది చెల్లె,” అన్నాడు. “పాత పెట్టె గదా. కూసో.”